ఇత్తడికి రాసే జిడ్డు

మా ఇంట్లో అన్నం చేత్తోనే తింటాం. ఆఫీసులో ఫోర్కు, బయటికెళ్తే కత్తి, ఎవరింటికి వెళ్తే వాళ్ళ పద్ధతి. నాటింగ్‌హామ్‌లో మా గడప దాటి లోపలికొస్తే మాత్రం చెయ్యే. ఇది నేను పెట్టిన చట్టమని మా ఆవిడ వేళాకోళం చేస్తుంది గానీ, ఆవకాయ కలిపే పూట ఆవిడా నా పార్టీయే. అలాంటి ఇంట్లో, కిందటేడు చలి మొదలయ్యే రోజుల్లో, మా అమ్మాయి సొరుగు లాగి చెంచా తీసుకుని భోజనానికి కూర్చుంది. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. మర్నాడూ చెంచాయే. ఆ తర్వాతా చెంచాయే. పప్పన్నం సరే, ఆవకాయన్నం కూడా చెంచాతో కెలుకుతుంటే ఇక నాకు ఒళ్ళు మండింది.

“చెయ్యితోని తినుడు గూడ నామోషీ అయిందా బిడ్డా నీకు?” అన్నాను.

కోపం వస్తే నా నోట్లోకి కరీంనగర్ దిగిపోతుంది. మా అమ్మాయికి తెలుగు పూర్తిగా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. ఆ పూట “ఇట్స్ ఫైన్, డాడ్” అని, స్వెటర్ చేతుల్ని వేళ్ళ దాకా లాక్కుని, పళ్ళెం సింకులో పెట్టి మేడ మీదికి వెళ్ళిపోయింది. నేనడిగిన దానికీ ఆ జవాబుకీ సంబంధమే లేదు. ఇన్నేళ్ళయినా ఈ దేశపు ఫైన్ నాకు అంతు చిక్కలేదు. బాగుందన్నా ఫైనే, బాగాలేదన్నా ఫైనే, ఇక ఈ సంగతి వదిలెయ్ అన్నా ఫైనే. మా ఊళ్ళో ఫైన్ అంటే జరిమానా ఒక్కటే, హాయిగా ఉండేది.

చెంచా సంగతి అలా ఉంచితే, నా అసలు భయం గ్యారేజీ గురించి. ఆదివారం పొద్దున్నపూట మా అమ్మాయి నాతోపాటు గ్యారేజీలో కూర్చుని పని చేసేది. ఆ కాసేపు తప్ప వారం మొత్తంలో ఆ పిల్ల నాతో మాట్లాడేది ఉండదు. చేత్తో తినడం మానేసిన పిల్ల, రేపు గ్యారేజీ కూడా మానేస్తుందేమోనని నాకు గుబులు పట్టుకుంది.

ఆ గ్యారేజీలో మేం చేసే పనేమిటో ముందు చెప్పాలి. నేను రైఫిల్ కాలుస్తాను. ఈ ముక్క అనగానే మనవాళ్ళ మొహాల్లో రంగులు మారతాయి కాబట్టి వెంటనే చెప్పేస్తున్నాను, నేను కాల్చేది కాగితాన్ని. ఊరి బయట రేంజిలో చాప మీద బోర్లా పడుకుని, ఎక్కడో దూరాన ఉన్న అట్ట మీది నల్లటి చుక్కకి గురిపెట్టి కాల్చడం, అంతే. దీపావళి పార్టీలో ఒక అంకుల్ నన్ను పక్కకి పిలిచి, జింక మాంసం దొరికితే ఓ కిలో చూడవయ్యా అన్నాడు. చిల్లులు పడ్డ కాగితం కావాలంటే ఎంతైనా ఇస్తానన్నాను. ఆయన ఆ తర్వాత నాతో సరిగ్గా మాట్లాడలేదు.

లైసెన్సు ఇచ్చే ముందు పోలీసుల తరఫున ఒకాయన ఇంటికొచ్చి, గోడకి బిగించిన ఇనప బీరువా చూసి, తాళాలు ఎక్కడుంటాయో అడిగి, మా ఆవిడతోనూ మాట్లాడి వెళ్ళాడు. మా ఆవిడ హాస్పిటల్లో పిల్లల డాక్టరు. గుంటూరు మనిషి. ఈ తుపాకీ గోల ఆవిడకి మొదట్నుంచీ గిట్టదు. ఈ ఊళ్ళో చదరంగం క్లబ్బులేమీ లేవా అని అడిగింది. చివరికి ఒప్పుకుంది గానీ, దీనివల్ల ఇంట్లో ఎవరికి ఏ చిన్న హాని జరిగినా ఆ రోజుతో సరి అని తేల్చి చెప్పేసింది. ఆవిడ మాట ఒకసారి అన్నదంటే అన్నదే.

రైఫిల్ కాల్చేవాళ్ళలో చాలామంది తమ తూటాలు తామే నింపుకుంటారు. ఒకసారి పేలిన తూటాలో ముందున్న గుండు వెళ్ళిపోతుంది, మందు కాలిపోతుంది, ఇత్తడి గొట్టం మిగులుతుంది. పేలుడుకి ఆ గొట్టం కాస్త ఉబ్బుతుంది. మళ్ళీ నింపాలంటే దాన్ని పాత కొలతకి తేవాలి. బల్లకి బిగించిన ప్రెస్సులో డై అనే ఉక్కు అచ్చు ఉంటుంది. గొట్టాన్ని కింద నిలబెట్టి ప్రెస్సు పిడి లాగితే, అది అచ్చులోకి దూరి, సన్నబడి బయటికొస్తుంది. పొడిగా ఉన్న ఇత్తడిని అలా దూర్చితే లోపలే బిగుసుకుపోతుంది, ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా కదలదు. అందుకని ముందు జిడ్డు రాయాలి. ఎక్కువ రాస్తే ఆ జిడ్డు అచ్చులో పేరుకుని గొట్టానికి సొట్టలు పెడుతుంది. తక్కువ రాస్తే ఇరుక్కుంటుంది. పనయ్యాక మళ్ళీ ఆ జిడ్డంతా తుడిచెయ్యాలి. తలంటుకి నూనె పెట్టి కుంకుడు రసంతో వదలగొట్టినట్టే, రాసేదీ మనమే, వదిలించేదీ మనమే.

ఈ జిడ్డు విషయంలో ఒక్కొక్కరిది ఒక్కో మతం. కొందరు డబ్బాల్లో అమ్మే మైనం వాడతారు. మా క్లబ్బులో ఒక పెద్దాయన మాత్రం, మందుల షాపులో లానోలిన్ కొని స్పిరిట్‌లో కలుపుకో, దాన్ని మించింది లేదన్నాడు. గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు అది. చంటిపిల్లలకి పాలిచ్చే తల్లుల కోసం చిన్న ట్యూబుల్లో అమ్ముతారు. నాకా సంగతి తెలియక, మందుల షాపుకెళ్ళి ఉన్న ట్యూబులన్నీ ఊడ్చి కౌంటరు మీద పెట్టాను. కౌంటర్లో ఉన్నావిడ మొహం విప్పార్చుకుని, పాపా బాబా, ఎన్నాళ్ళ బిడ్డ అని అడిగింది. పాపే, పద్నాలుగేళ్ళు అన్నాను. ఆవిడ నవ్వు మొహం మీదే ఆగిపోయింది.

ఇంటికొచ్చి ఇది చెబితే తల్లీకూతుళ్ళిద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. అప్పటికి మా అమ్మాయి ఇంట్లో నోరు విప్పడం దాదాపు మానేసింది. స్కూలు ఎలా ఉందంటే ఫైన్, తిన్నావా అంటే ఫైన్. అలాంటిది ఆ రోజు నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఆ ట్యూబులతో ఏం చేస్తానో చూస్తానంటూ నా వెనకాలే గ్యారేజీలోకి వచ్చింది. అలా వచ్చిన పిల్ల రెండేళ్ళు వస్తూనే ఉంది.

మా గ్యారేజీలో కారుకి చోటు లేదు. సూట్‌కేసులు, బియ్యం బస్తాలు, పెళ్ళిలో ఇచ్చిన స్టీలు సామాన్ల అట్టపెట్టెలు, వీటి మధ్య నా బల్ల. మందు, గుండు కూర్చే పని నాది, ఆ వైపు తన చెయ్యి రానిచ్చేవాణ్ణి కాదు. ఖాళీ ఇత్తడి వరకే తనది. గొట్టాల్ని పళ్ళెంలో పోసి, లానోలిన్ కలిపిన స్పిరిట్ చల్లి, వేళ్ళతో దొర్లించేది. స్పిరిట్ ఆరిపోయాక పైన పల్చటి జిడ్డు మిగులుతుంది. ఎంత ఉండాలో చెప్పడానికి నాకు తెలిసిన కొలత ఒకటే, బొట్టు కింద రాసుకునే మైనమంత. బొట్టుబిళ్ళల కాలంలో పుట్టిన పిల్లకి అదేం తెలుస్తుంది! వాళ్ళ నానమ్మ ఫోటో తెచ్చి చూపించాల్సి వచ్చింది. కొన్నాళ్ళకి చూడకుండానే, వేలు తగిలించి, ఇది పొడిగా ఉంది, దీనికి ఎక్కువైంది అని చెప్పేసేది. నాకు అంత సున్నితం ఏనాడూ రాలేదు.

అసలు సుఖం ఆ మాటల్లో ఉండేది. చేతులు పనిలో ఉంటాయి, కళ్ళు ఇత్తడి మీద ఉంటాయి, ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు. అప్పుడు నోళ్ళు వాటంతటవే తెరుచుకుంటాయి. క్లాసులో ఎవరితో పడదో, ఏ టీచరు తిక్కమనిషో, ఏ స్నేహితురాలు తన వెనకాల ఏమందో, అన్నీ ఇంగ్లీషులో తను చెప్పేది, మధ్యమధ్య తెలుగులో నేను తిట్టేవాణ్ణి. నేను తిట్టింది తనని కాదు, ఆ స్నేహితురాల్ని. అది తనకి మహా ఇష్టంగా ఉండేది.

సరే, చెంచా దగ్గరికి వస్తాను. పిల్లకి మన పద్ధతులంటే చిన్నతనం వచ్చేసిందని, కాస్త నువ్వైనా మాట్లాడమని, డ్యూటీ దిగి ఇంటికొచ్చిన మా ఆవిడకి ఫిర్యాదు చేశాను. ఆవిడ కోటు కూడా విప్పకుండా మేడెక్కింది. దిగేటప్పుడు పిల్ల మణికట్టు పట్టుకుని దిగింది. నా ముందుకొచ్చి స్వెటర్ చేతిని మోచేతి దాకా లాగింది.

“ముందు ఈ చేతులు చూడండి. నామోషీ సంగతి తర్వాత మాట్లాడదాం.”

వేళ్ళ సందులన్నీ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. బొటనవేలూ చూపుడువేలూ చివర్లు పగిలి, గీతలు గీతలుగా విచ్చుకున్నాయి. ఆ వేళ్ళతో ఆవకాయ కలపాలంటే ఎవరి ప్రాణమైనా పోతుంది. చెంచా పట్టుకోక ఏం చేస్తుంది? పిల్ల నా వంక చూడకుండా ఫ్రిజ్ మీదున్న వాళ్ళమ్మ డ్యూటీల కాగితం వంక చూస్తూ నిలబడింది. ఎప్పట్నుంచి ఇలా ఉందని నేను అడగబోతే, మా ఆవిడ అదేమీ అక్కర్లేదని కళ్ళతోనే అంది.

గ్యారేజీ ఆ క్షణానే బంద్ అయింది. అనుమానం దేని మీదో ఆవిడ చెప్పనక్కర్లేదు, నాకే తెలుస్తోంది. చర్మం క్లినిక్కులో తారీఖు దొరకడానికి చాలా వారాలు పట్టింది. వీపు మీద వరసగా చిన్న చిన్న పట్టీలు అంటించి పరీక్ష చేశారట. నాకు ఆఫీసులో మీటింగు పడి మా ఆవిడే తీసుకెళ్ళింది. మిగతావన్నీ పడ్డాయి, ఉన్ని జిడ్డు ఒక్కటే పడలేదు. ఊరు దాటితే చాలు ఎటు చూసినా గొర్రెలుండే దేశంలో, మా పిల్లకి గొర్రె పడలేదు. ఇక లానోలిన్ ముట్టుకోవడానికి వీల్లేదని తేలింది. తప్పు తుపాకీది కాదు గొర్రెదని, నా ఒక్కడి వరకు గ్యారేజీ తెరవనిచ్చింది మా ఆవిడ. నేను బిక్కమొహం వేసుకుని పిల్ల వంక చూశాను.

“ఇట్స్ ఫైన్,” అంది.

ఈ ఫైన్‌ని నేను ఎన్ని విధాల విప్పి చూసుకున్నానో నాకే తెలుసు. చివరికి నాకు తోచింది ఒకటే. పిల్లకి పీడ విరగడైంది. ఇన్నాళ్ళూ నాన్న ముచ్చట తీర్చడానికి వచ్చింది, ఇప్పుడు మర్యాదగా తప్పుకోవడానికి ఒక కారణం దొరికింది. పదహారేళ్ళ పిల్ల ఆదివారం పొద్దున్నే లేచి చలి గ్యారేజీలో నాలాంటి వాడితో ఎందుకు కూర్చుంటుంది? ఇంకో రెండేళ్ళలో యూనివర్సిటీకని వెళ్ళిపోతుంది. ఎలాగూ పోయేదే, కాస్త ముందు పోయింది అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకుంటే సరిపోతుందా! ఆదివారం ఒక్కణ్ణే బల్ల ముందు కూర్చుంటే, రేడియో పెట్టుకున్నా సరే, ఏడుపొచ్చినంత పనయ్యేది.

అయినా నా బుద్ధి ఊరుకోలేదు. గొర్రె లేని జిడ్డు ఒకటి దొరికితే, రమ్మని అడగడానికైనా నాకో మొహం ఉంటుందని వెతకడం మొదలుపెట్టాను. డబ్బా మైనాల మీద లోపల ఏముందో రాయరు. షాపువాణ్ణి అడిగితే భుజాలెగరేశాడు. చేతులకి పల్చటి గ్లవ్స్ వేస్తే సరిపోదా అంటే, పుండైన వేళ్ళు గ్లవ్స్‌లో చెమటకి ఇంకా నానతాయని మా ఆవిడ ఒప్పుకోలేదు. గ్లవ్స్ వేసుకుంటే ఏది పొడో ఏది జిడ్డో వేలికి తెలియదని మా అమ్మాయి మెట్ల మీద నుంచి ఒక్క మాట అంది. ఆ మాట నేను అప్పుడు పట్టించుకోవాల్సింది.

ఇక మన వంటింట్లో లేని నూనె ఏముంది అని ధైర్యం చేశాను. ముందు కొబ్బరినూనె. మన దగ్గర పారే నూనె, ఇక్కడి గ్యారేజీ చలికి కొవ్వొత్తిలా గడ్డకట్టి కూర్చుంది. గోటితో గీకి ఇత్తడికి రాశాను. అక్కడక్కడా అంటింది, అక్కడక్కడా అంటలేదు. రెండో గొట్టమే అచ్చులో బిగుసుకుపోయింది. పిడి మీద నా బరువంతా వేసి లాగితే గొట్టం అంచు చిరిగి చేతిలోకి వచ్చింది గానీ గొట్టం రాలేదు. దాన్ని డ్రిల్లుతో తొలిచి, బోల్టు బిగించి పీకేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆ తర్వాత నువ్వులనూనె. స్పిరిట్‌లో పోసి సీసా ఎంత ఊపినా, కింద పెట్టగానే నూనె ఒక వైపు, స్పిరిట్ ఒక వైపు, గొడవపడ్డ మొగుడూ పెళ్ళాల్లా విడిపోయేవి. వేరుసెనగ నూనెదీ అదే వరస. నెయ్యి దాకా వెళ్ళాను. ఆ సీసా మా ఆవిడ కంట పడింది.

ఇంట్లో కాచిన నెయ్యిని తూటాలకి రాసే మనిషిని తను ఏ జన్మలో కోరుకుందోనని ఆవిడ ఆ సాయంత్రమంతా దేవుడి గదికి వినబడేటట్టు అడిగింది. కాసేపటికి చల్లబడి, అన్నిటినీ వాడారు, ఆముదం ఏం పాపం చేసింది అంది. వెటకారంగానే అంది. నేను మాత్రం నిజంగానే ఇండియన్ షాపుకి పరిగెత్తాను. షాపు ఆంటీ, జుట్టు రాలుతోందా బాబూ అని నా నెత్తి వంక జాలిగా చూసి, ఒక ఆకుపచ్చ సీసా ఇచ్చింది. ఇంటికొస్తే మా ఆవిడ సీసా తిప్పి, లేబుల్ చదివి, చెత్తబుట్టలో పడేసింది. సగం వేరే నూనెలట, పైన సెంటు. పిల్లకి ఒక జబ్బు పోగొట్టి ఇంకొకటి అంటిస్తారా అంది.

అచ్చమైన ఆముదం చివరికి ఆ మందుల షాపులోనే దొరికింది. కౌంటర్లో అదే మనిషి. నన్ను గుర్తుపట్టి, పాప ఎలా ఉందని అడిగింది. పాపకి ఉన్ని పడలేదండీ, అందుకే ఈ నూనె అన్నాను. అయ్యో అంది. ఆ అయ్యో ఇంగ్లీషులోనే అయినా నాకు మనసుకి హాయిగా తగిలింది.

ఆముదాన్ని స్పిరిట్‌లో పోసి ఊపి గ్యారేజీ కిటికీలో పెట్టాను. పక్కనే విడిపోయిన నువ్వులనూనె, గడ్డకట్టిన కొబ్బరినూనె ఉన్నాయి. మర్నాడు చూస్తే ఆముదం సీసా నీళ్ళంత తేటగా, ఒక్కటిగా కలిసిపోయి ఉంది. స్పిరిట్‌లో చక్కగా కరిగే వంటింటి నూనె ఇదొక్కటేనని తర్వాత తెలుసుకున్నాను. ఇత్తడికి చల్లి, ఆరనిచ్చి, ప్రెస్సు పిడి లాగితే మెత్తగా దిగి మెత్తగా వచ్చింది. వాసన మాత్రం ఆముదం వాసనే, దాన్ని ఎవరూ ఏమీ చెయ్యలేరు.

మా ఆవిడ అంత తేలిగ్గా వదిలిపెడుతుందా? పిల్ల చేతులు పూర్తిగా మానాలంది. మానాక, మోచేతి మడతలో పొద్దునా సాయంత్రం ఆముదం రాసి చూడాలంది. మా అమ్మాయి నోరెత్తకుండా రాసుకునేది. ఆముదం తాగిన మొహం పెట్టుకుని రాసుకుంటుంటే నేను పక్కగదిలోకి తప్పుకునేవాణ్ణి. తల్లి చెప్పింది కాబట్టి చేస్తోంది, నాన్న బాధపడతాడని చేస్తోంది, ఎందుకీ పిల్లకి ఈ శిక్ష అనిపించింది. ఒక సాయంత్రం పిల్ల పైన ఉండగా, వంటింట్లో మా ఆవిడతో అదే అన్నాను. ఇక ఆపేద్దాం, నా సరదా కోసం దాన్ని జిడ్డులా పట్టుకుని వేలాడటం నాకు బాగోలేదు, ఒక్కణ్ణే చేసుకుంటాను, దానికి ఇష్టం లేదు అని.

మా ఆవిడ చపాతీ పిండి పిసుకుతోంది. పిసకడం ఆపింది.

“దానికి ఇష్టం లేదా? పోయిన ఈస్టర్ నుంచే చేతులు పగిలాయండీ ఆ పిల్లకి. క్లినిక్కులో వాళ్ళు అడిగితే నా ముందే చెప్పింది. చెప్తే గ్యారేజీ మూసేస్తానని నాకు చెప్పలేదు. మీరు బాధపడతారని మీకు చెప్పలేదు. మీకు చెప్పొద్దని నాతో ఒట్టు కూడా వేయించుకుంది.”

ఈస్టర్ అంటే ఎండాకాలం రాకముందు. ఆ తర్వాత ఎండాకాలం మొత్తం ఆదివారాలు వచ్చింది. స్పిరిట్ పుండు మీద పడితే ఎలా మండుతుందో నాకు తెలుసు. ఆ మంట పెట్టుకుని నా పక్కన కూర్చుని, క్లాసు కబుర్లు చెప్పింది, నేను తిట్టిన తిట్లకి నవ్వింది. గ్యారేజీని వదిలించుకోవాలని చూస్తోందని నేననుకున్నది ఈ పిల్ల గురించే. మా ఆవిడ పిండి చేత్తోనే నా భుజం మీద ఒక్కటి వేసి, వెళ్ళి అడగండి, ఒక్కసారైనా అడిగారా అంది.

నిజమే, అడగలేదు. చేతులు చూసి గిలగిల్లాడాను, క్లినిక్కు కోసం ఎదురుచూశాను, నూనెలన్నీ కలిపాను, మొహం చూసి అర్థాలు తీశాను. నీకు రావాలనుందా అని నోరు తెరిచి అడగడం మాత్రం మరిచాను. మేడెక్కి తలుపు కొట్టాను. తను మంచం మీద పుస్తకాలు పరుచుకుని కూర్చుంది. స్వెటర్ చేతులు పైకి మడిచి ఉన్నాయి. మోచేతి మడత శుభ్రంగా, మచ్చ లేకుండా ఉంది.

“ఆదివారం వస్తవా బిడ్డా?” అన్నాను.

“యూ నెవర్ ఆస్క్‌డ్, డాడ్,” అంది. ఆ తర్వాత, గొట్టాలన్నీ నేను జిడ్డెక్కువ చేసి సొట్టలు పెట్టేసి ఉంటానని, తను లేకపోతే నాకు చేతకాదని, ఇంగ్లీషులో చాలా సేపు తిట్టింది. తిడుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తనకీ, నాకూ.

మా ఆవిడ షరతులు పెట్టింది. స్పిరిట్ చర్మాన్ని ఎండబెడుతుంది కాబట్టి కలపడం, చల్లడం, చివర్లో గుడ్డతో తుడవడం నా పని. ఆరాక వేలితో చూసుకోవడం, ప్రెస్సు లాగడం మాత్రమే పిల్ల పని. పనయ్యాక చేతులు కడిగి క్రీము రాసుకోవాలి. ఆదివారం ఇద్దరం బల్ల ముందు కూర్చున్నాం. నేను ఆముదం చల్లాను. తను ఆరనిచ్చి, ఒక గొట్టాన్ని వేళ్ళ మధ్య దొర్లించి, వాసన చూసి, మొహం చిట్లించి, ఇక్కడా ఇదే వాసనా అని అడిగింది. మా నానమ్మ వాసన అన్నాను. అది నిజం. నమ్మలేదు. పిడి లాగింది. గొట్టం మెత్తగా దిగింది. ఆ తర్వాత, తన వెనకాల మాట్లాడిన ఆ స్నేహితురాలు మళ్ళీ ఏం చేసిందో మొదలుపెట్టింది. ఇన్ని నెలల కబుర్లు ఒక్కసారే వినాల్సి వచ్చింది. నేను తుడుస్తూ వింటూ, వింటూ తిడుతూ, గుడ్డంతా ఆముదం చేసి, గుడ్డని మించి చేతులు ఆముదం చేసుకున్నాను.

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. పప్పు, ఆవకాయ, అప్పడాలు. అలవాటు కొద్దీ మా ఆవిడ పిల్ల పళ్ళెం పక్కన చెంచా పెట్టింది. పిల్ల దాని వంక చూడలేదు. ఆవకాయ వేసుకుని, వేడన్నంలో నెయ్యి పోసుకుని, అయిదు వేళ్ళూ పెట్టి ఎర్రగా కలిపింది. నేను ఆ వేళ్ళనే చూస్తున్నాను. మా ఆవిడా చూస్తోంది. తను మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది, కారానికి ఉఫ్ అంది, వేళ్ళు ఇంకోసారి అన్నంలోకి దింపింది. అప్పటికి గానీ నేను నా పళ్ళెంలో చెయ్యి పెట్టలేదు. ఎన్నిసార్లు సబ్బు పెట్టి కడిగినా నా చేతుల వాసన బల్లంతా కమ్ముకుంది. మా అమ్మాయి ఎడంచేత్తో తన చెంచా తీసి నా పళ్ళెం వైపు తోసింది.

“డాడ్, యువర్ హ్యాండ్స్ స్టింక్ ఆఫ్ ఆముదం,” అంది.

ఆ పూట ఆవకాయన్నం నేను చెంచాతోనే తిన్నాను.